నిలబడి బతికే కాళ్లకు

గుడియాత్తం బజారులో సాయంత్రం ఆరు దాటాక ఏ జవుళి కొట్టులోకైనా వెళ్లి ఒక్క నిమిషం చూపు కిందికి దించండి. కౌంటరు వెనక ఉన్న అమ్మాయిల కాళ్లు కుదురుగా ఉండవు. ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మారుతూ ఉంటుంది. చెప్పు విప్పి ఒక పాదంతో రెండో పిక్కను రుద్దుకుంటూ ఉంటారు. చేతులు మాత్రం చీర మడతలు విప్పి చూపిస్తూనే ఉంటాయి.

మా అక్క అలా పదహారేళ్లు నిలబడింది. పండగ రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నరకు కౌంటరు ఎక్కితే రాత్రి పదికి గానీ దిగేది కాదు. ఇంటికొచ్చి గోడకు కాళ్లు ఆనించి పడుకున్నాక కూడా చీలమండ మీద చెప్పు పట్టీ పడిన గాడి అరగంట దాకా పూడేది కాదు. ఎడమ పిక్క మీద వానపాముల్లా మెలికలు తిరిగిన ఉబ్బులు ఏటేటా కొంచెం పైకి పాకుతూ వచ్చాయి. డాక్టరు దగ్గరికి పోదామన్నప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే మాట: "నరం కోస్తారంట. కాలు పడిపోతే నన్నెవరు సాకతారు రా?"

ఆ మాటకు సరైన జవాబు చెప్పేవాళ్లు లేక ఆమె ఆరేళ్లు ఆగింది. ఆ ఆరేళ్లలో చీలమండ పైన చర్మం నల్లబడింది, దురద పట్టింది, ఒకసారి గోకితే పుండు పడి మూడు నెలలు మానలేదు. ఆమెలాగా నిలబడి బతికేవాళ్లు ఈ వేలూరు జిల్లాలో, చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. జవుళి కొట్టు అమ్మాయిలు, టిఫిన్ సెంటరు మాస్టర్లు, బళ్లో టీచర్లు, ఆసుపత్రి నర్సులు, బస్సు కండక్టర్లు, మరమగ్గాల దగ్గర కార్మికులు, ఆంబూరు, రాణిపేట బూట్ల ఫ్యాక్టరీల్లో లైను మీద నిలబడే ఆడవాళ్లు. వాళ్లకు పనికొచ్చే సంగతులు ఒకచోట చెప్పాలని ఇది రాస్తున్నాను.

నరం కాదు, సిర

మొదట ఒక మాట సరిచేసుకుందాం. ఒంటి మీద తీగలా కనబడేదాన్నల్లా మనం నరం అంటాం. ఇక్కడి తమిళులూ అంతే, ఈ జబ్బును 'నరంబు సురుట్టల్' అంటారు. కానీ మెదడు నుంచి కబురు మోసుకొచ్చి కాలిని కదిలించే నరం వేరు. కాళ్లలోని రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే సిర వేరు. ఉబ్బేది సిర. డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అనేది దీన్నే.

ఈ ఒక్క మాట తేడా వల్ల జనం రెండు విధాల నష్టపోతున్నారు. కొందరు నరాల డాక్టరును వెతుక్కుంటూ వెళ్లి, నరాల బలానికని విటమిన్ సూదులు వేయించుకుని డబ్బు పోగొట్టుకుంటారు. మిగతావాళ్లు నరం తెగితే కాలు చచ్చుబడుతుందని భయపడి ఇంట్లోనే ఉండిపోతారు. పాడైన సిరను మూసేస్తే కాలు పడిపోదు. కాలి రక్తంలో పదింట తొమ్మిది వంతులు కండరాల లోపల ఉండే లోతు సిరల గుండానే పైకి పోతుంది. ఉబ్బేవి చర్మం కింద ఉండే పై సిరలు. వాటిలో పాడైనదాన్ని మూసేస్తే రక్తం మంచి దారి పట్టుకుంటుంది.

అసలు ఎందుకు ఉబ్బుతాయి? సిరల లోపల పైకి మాత్రమే తెరుచుకునే చిన్న తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి సిరను నొక్కుతుంది, రక్తం ఒక మెట్టు పైకి ఎక్కుతుంది, అది కిందికి జారకుండా కవాటం మూసుకుంటుంది. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. కదలకుండా నిలబడితే ఆ రెండో గుండె పనిచేయదు. రక్తం బరువంతా కవాటాల మీద పడుతుంది. ఏళ్ల తరబడి అలా పడితే అవి సడలి, రక్తం వెనక్కి కారి, సిర సాగి మెలికలు తిరుగుతుంది. గుంత మగ్గంలో తొక్కుడు చెక్కలు ఆడించే నేతగాడి కాలికి కొంత కదలికైనా ఉంది. కౌంటరు ముందు నిలబడ్డ కాలికి అదీ లేదు.

తప్పంతా ఉద్యోగానిదే అనలేం. తల్లికో తండ్రికో ఉంటే మనకు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పులు, ఒంటి బరువు, వయసు కూడా తోడవుతాయి. కానీ వంశాన్ని మార్చుకోలేం, పనిచేసే తీరును మార్చుకోగలం.

ఎప్పుడు వెళ్లాలి, ఎవరి దగ్గరికి

సన్నటి ఎర్ర, నీలి గీతలు సాలెగూడులా కనబడితే కంగారు పడనక్కర్లేదు. తాడులా ఉబ్బి, సాయంత్రానికి కాలు బరువెక్కి, పిక్క లాగుతుంటే పరీక్ష చేయించుకోవాలి. చీలమండ వాస్తున్నా, లోపలి వైపు చీలమండ పైన చర్మం గోధుమ రంగులోకో నలుపులోకో మారుతున్నా, దురద, తామర మొదలైనా ఇక వాయిదా వద్దు. పుండు పడిందంటే అది చివరి మెట్టు. వేపాకు ముద్ద, పసుపు, కాఫీ పొడి ఆ పుండును మాన్పవు. పుండుకు అసలు కారణం పైనున్న సిరలో ఉంటుంది. 2018లో వెలువడిన బ్రిటన్ పరిశోధన ఒకటి దీన్ని తేల్చింది. 450 మంది రోగుల్లో సిరకు వెంటనే వైద్యం చేసిన సగం మందికి పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది. కట్లు కడుతూ సిర వైద్యాన్ని వాయిదా వేసిన సగం మందికి 82 రోజులు పట్టింది. రోజు కూలి మీద బతికే మనిషికి ఆ 26 రోజుల తేడా ఒక నెల జీతం.

చూపించుకోవాల్సింది వాస్క్యులర్ సర్జన్‌కు, లేదా ఈ వైద్యం చేసే జనరల్ సర్జన్‌కు. గుడియాత్తం ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట చూపించుకుని చీటీ రాయించుకోవచ్చు. వేలూరు పక్కన అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 1900లో ఐడా స్కడర్ అనే డాక్టరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో రక్తనాళాల శస్త్రచికిత్సకు విడిగా విభాగమే ఉంది. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి మనవాళ్లు రాయవేలూరు పెద్దాసుపత్రి అని తరతరాలుగా వచ్చేది అక్కడికే. పెద్ద ఆసుపత్రికి పోయేటప్పుడు అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి. చూపించడం, స్కాన్, వైద్యం ఒకే రోజులో అయిపోతాయని లెక్క వేసుకుని ఒక్క రోజు సెలవు పెట్టకండి.

పరీక్ష ఎలా ఉంటుంది, ఏం అడగాలి

చేసే పరీక్ష పేరు డాప్లర్ స్కాన్. గర్భిణులకు చేసే స్కాన్‌లాగే జెల్ రాసి చిన్న పరికరం ఆనించి చూస్తారు. నొప్పి ఉండదు. ఒక ముఖ్యమైన సంగతి, కవాటాలు కారుతున్నాయో లేదో తెలియాలంటే రోగి నిలబడి ఉండగా చూడాలి. మా అక్కకు మొదట ఒక స్కాన్ సెంటరులో పడుకోబెట్టి రెండు నిమిషాల్లో చూసి "అంతా బాగుంది" అని రాసిచ్చారు. వేలూరులో మళ్లీ నిలబెట్టి చూస్తే గజ్జల దగ్గర నుంచే రక్తం వెనక్కి కారుతోందని తేలింది. అందుకే పడుకోబెట్టే చూసి పంపేస్తుంటే, "నిలబెట్టి చూడరా సార్?" అని అడగడానికి మొహమాటపడకండి.

రిపోర్టు చేతికొచ్చాక డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగాలి. నా కాలిలో కారుతున్న సిర ఏది? లోతు సిరలు బాగున్నాయా, గడ్డలేమైనా ఉన్నాయా? నాకు ఏ పద్ధతి, ఎందుకు? మొత్తం ఖర్చెంత, అందులో మేజోళ్లు, తర్వాతి స్కాన్ కూడా కలిసే ఉన్నాయా? ఖర్చు సంగతి కాగితం మీద రాయించుకోండి. గర్భం ఉంటే, గర్భం రాకుండా మాత్రలు వాడుతుంటే, ఇంట్లో ఎవరికైనా కాలిలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరు అడక్కముందే చెప్పండి. గర్భంతో ఉన్నవాళ్లకు సాధారణంగా కాన్పు అయ్యాక కొన్ని నెలలు ఆగి చేస్తారు, ఈలోగా చాలా ఉబ్బులు వాటంతట అవే తగ్గుతాయి కూడా.

ఇప్పటి వైద్యం వేరు

మన పెద్దవాళ్లు చెప్పే భయం కథలు అబద్ధాలు కావు, పాతవి. 1890ల్లో జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ అనే సర్జన్ సిరను తొడ దగ్గర ముడివేయడం నేర్పాడు. 1907లో అమెరికాలో బాబ్‌కాక్ అనే సర్జన్ తీగ దూర్చి సిరను మొత్తం లాగేసే పద్ధతి తెచ్చాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు అదే నడిచింది. పెద్ద కోత, మత్తు, వారాల కొద్దీ మంచం. ఇరవయ్యో శతాబ్దం చివర్లో సిరను లాగేయకుండా లోపలి నుంచే వేడితో మూసేసే పద్ధతులు వచ్చాయి. 2013లో బ్రిటన్ ఇచ్చిన వైద్య మార్గదర్శకాల్లో వేడి పద్ధతికే మొదటి స్థానం. అది కుదరకపోతే నురగ మందు, అదీ కుదరకపోతేనే కోత.

వేడి పద్ధతిలో రెండు రకాలు, లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ. రెండింటిలోనూ మోకాలి దగ్గరో పిక్క దగ్గరో సూది రంధ్రం గుండా సన్నటి గొట్టం దూరుస్తారు. దాని కొన వేడెక్కి సిర గోడలను ముడుచుకునేలా చేస్తుంది. మూసిన సిరను నెలల మీద ఒళ్లే కరిగించుకుంటుంది. ఫలితంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆసుపత్రిలో ఏది ఉందో, డాక్టరు చేయి దేని మీద తిరిగిందో అదే మంచిది. నురగ మందు పద్ధతిలో మందును నురగలా చేసి సూదితో ఎక్కిస్తారు. మెలికలు ఎక్కువున్న చిన్న సిరలకు బాగా పనికొస్తుంది గానీ రెండు మూడు సార్లు రావాల్సి ఉంటుంది, గోధుమ రంగు మచ్చలు కొన్ని నెలలు ఉండవచ్చు. సిరను జిగురుతో అంటించే పద్ధతీ ఉంది. ఖర్చు ఎక్కువ, కొందరికి ఒంటికి పడదు. కోత ఆపరేషన్ ఇప్పటికీ కొందరికి అవసరం, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు. అది తక్కువ రకమైన వైద్యం కాదు, కోలుకోవడానికి మరికొన్ని రోజులు పడుతుంది, అంతే.

మేజోళ్లు మాత్రమే తొడుక్కుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. బిగుతు మేజోళ్లు బరువును, వాపును తగ్గిస్తాయి, కారే కవాటాన్ని బాగుచేయవు. ఆపరేషన్ కుదరనివాళ్లకు, గర్భిణులకు అవి మంచి ఊతకర్ర. షుగరు ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి బీడీ సిగరెట్లు తాగినవాళ్లు మాత్రం కాలికి రక్తం సరిగా దిగుతోందో లేదో చూపించుకోకుండా వాటిని తొడగకూడదు. ధమనులు పూడిన కాలికి బిగుతు మేజోడు ప్రమాదం.

ఆ రోజు

మా అక్కకు చేసింది రేడియో ఫ్రీక్వెన్సీ. పొద్దున్నే నిలబెట్టి ఉబ్బుల మీద మార్కరుతో గీతలు గీశారు. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి దగ్గర తిమ్మిరి సూది వేశారు. తర్వాత తొడ పొడవునా సిర చుట్టూ చల్లటి తిమ్మిరి నీళ్లు ఎక్కించారు. ఆ నీళ్లు నొప్పి తెలియకుండా చేస్తాయి, వేడి పక్క కండకు, నరాలకు తగలకుండా అడ్డుకుంటాయి. "మొత్తం మీద నొప్పంటే ఆ సూదులే, తొడ మీద చీమలు వరసగా కుట్టినట్టు" అంది అక్క. ఆ తర్వాత కొన వేడి 120 డిగ్రీలు ఎక్కిందట. ఒక్కో ముక్కకు ఇరవై సెకన్లు, మళ్లీ గొట్టం కొంచెం వెనక్కి లాగి ఇంకో ఇరవై సెకన్లు. ఆమెకు లోపల ఏదో నొక్కుతున్నట్టు మాత్రమే తెలిసింది. ముప్పావు గంటలో అయిపోయింది. కుట్లు లేవు.

కాలి వేళ్ల నుంచి గజ్జల దాకా కట్టు కట్టి నర్సు అంది, "లేచి నడువమ్మా." అక్క నా ముఖం చూసింది. ఆరేళ్లు భయపడిన క్షణం అది. పాదం కింద పెట్టి, ఒక అడుగు, ఇంకో అడుగు వేసింది. వరండాలో ఇరవై నిమిషాలు నడిచింది. కాలు పడిపోలేదు. అదే సాయంత్రం పళ్లికొండ మీదుగా గుడియాత్తం బస్సెక్కి ఇంటికొచ్చాం. బస్సులో దారి పక్క సీటు తీసుకుని, గంటసేపు ప్రతి పది నిమిషాలకు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చోబెట్టాను.

కోలుకోవడం: రోజుల లెక్క

ఇక్కడే మనవాళ్లు పెద్ద తప్పు చేస్తారు. ఆపరేషన్ అయిందంటే మంచం మీద పడుకోబెట్టి పథ్యం పెట్టడం మన ఇళ్లలో ప్రేమ. ఈ వైద్యానికి ఆ ప్రేమ చేటు. కదలని కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇక్కడ నడకే మందు. పూటకు పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు నడవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. కదలకుండా నిలబడడం మాత్రం మానాలి.

మొదటి మూడు రోజులు కట్టు తడవకుండా చూసుకోవాలి. తిమ్మిరి నీళ్లు కొన్ని రంధ్రాల గుండా ఎర్రగా ఊరుతాయి, గాబరా పడొద్దు. నొప్పి ఉంటే డాక్టరు రాసిన మాత్రలే వేసుకోవాలి. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా చాలామందిని భయపెట్టే సంగతి ఒకటి జరుగుతుంది. అప్పటిదాకా బాగున్న తొడ లోపలి వైపు తాడు బిగించినట్టు లాగుతుంది, ముట్టుకుంటే గట్టిగా ఉంటుంది. "అయ్యో, ఆపరేషన్ చెడిపోయింది" అనుకుంటారు. చెడిపోలేదు. మూసిన సిర ముడుచుకుంటోంది. నడిస్తే అది తగ్గుతుంది, పడుకుంటే తగ్గదు. కమిలిన నీలి మచ్చలు రెండు వారాల్లో పసుపుపచ్చగా మారి పోతాయి. చీలమండ దగ్గరో పిక్క మీదో చిన్న తిమ్మిరి మచ్చ ఉంటే అది నెలల మీద తగ్గుతుంది. చాలా ఆసుపత్రుల్లో వారం లోపల మళ్లీ డాప్లర్ చేస్తారు. నొప్పి లేదు కదా అని ఆ స్కాన్ ఎగ్గొట్టకండి.

మేజోళ్ల సంగతి వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఓడిపోయేది వాటి దగ్గరే. కొందరు డాక్టర్లు ఒక వారం చాలంటారు, కొందరు రెండు వారాలు తొడగమంటారు. మీ డాక్టరు రాసిందే మీకు లెక్క. కాలి చుట్టుకొలత టేపుతో కొలిచే కొనాలి, అదీ వాపు లేని పొద్దుటి పూట. అక్కకు ఒక మందుల షాపులో కొలవకుండా 'మీడియం' ఇచ్చారు. మోకాలి వెనక ముడత పడి అక్కడ కోసుకుపోయింది. మంచం దిగకముందే తొడగాలి. మేజోడును మడమ దాకా తిరగేసి, ముందు పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక, అంట్లు తోమే రబ్బరు గ్లవుజులు వేసుకున్న అరచేతులతో పైకి రుద్దుతూ ఎక్కించాలి. వేళ్లతో పట్టి లాగితే చిరుగుతుంది. పై అంచును కిందికి మడవకూడదు, ఆ మడతే కాలికి బిగిసిన తాడవుతుంది.

వేలూరు ఎండ అందరికీ తెలిసిందే. కత్తిరి ఎండల్లో తొడ దాకా మేజోడు తొడుక్కోవడం చెప్పినంత తేలిక కాదు. పుండు, రక్తస్రావం లాంటి తొందర లేనివాళ్లు వైద్యానికి రోజులు చూసుకుని పెట్టుకోవచ్చు. జవుళి కొట్లలో పనిచేసేవాళ్లకు ఆడి మాసపు తగ్గింపు అమ్మకాలు, దీపావళి, పొంగల్ అయ్యాక ఫిబ్రవరిలో పని పలచబడుతుంది, ఎండ ముదరదు, యజమాని కూడా సెలవుకు ముఖం ముడుచుకోడు.

మళ్లీ పనిలోకి ఎప్పుడు

వేడి పద్ధతి, నురగ మందు చేయించుకున్నవాళ్ల లెక్క ఇది. కోత ఆపరేషన్ అయితే రెండు మూడు వారాలు పట్టవచ్చు. కూర్చుని చేసే ఆఫీసు పనికి రెండు మూడు రోజుల్లో వెళ్లొచ్చు. బీడీలు చుట్టేవాళ్లు, కుట్టు మిషను వాళ్లు కూడా అంతే, కానీ అరగంటకోసారి లేచి ఇంటి చుట్టూ ఒక తిరుగుడు తిరగాలి. టీచర్లు, సేల్స్ పనివాళ్లు, నర్సులు ఒక వారం చూసుకోవాలి. మొదటి రోజుల్లో సగం పూట పని దొరికితే మరీ మంచిది. పొయ్యి ముందు నిలబడే వంట మాస్టర్లకు వేడి కూడా తోడవుతుంది. వేడికి సిరలు ఇంకా సాగుతాయి కాబట్టి పది పన్నెండు రోజులు ఆగడం మేలు. మండీలో మూటలు మోసేవాళ్లు రెండు వారాలు బరువు ఎత్తకూడదు. డ్రైవర్లు ఆ రోజు బండి ముట్టుకోకూడదు. నొప్పి లేకుండా గట్టిగా బ్రేకు తొక్కగలిగినప్పుడే మళ్లీ స్టీరింగు పట్టాలి. గల్ఫ్ టికెట్టు చేతిలో పెట్టుకుని వైద్యానికి వచ్చేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. దూరపు విమాన ప్రయాణానికి నెల రోజులు ఆగమని చాలామంది చెబుతారు.

పనిలో చేరాక పిక్కను మరిచిపోవద్దు. నిలబడినచోటే మడమలు పైకెత్తి దించడం పదిసార్లు, గంటకోసారి. కౌంటరు కింద చిన్న పీట పెట్టుకుని ఒక్కో కాలు మార్చి దాని మీద పెట్టడం. మధ్యాహ్నం అన్నం తిన్నాక పది నిమిషాలు కాళ్లు గుండెకంటే ఎత్తున ఉండేలా పడుకోవడం. ఇవి ఖర్చు లేనివి. ఏళ్ల తర్వాత ఇంకో సిర ఉబ్బవచ్చు. అది వైద్యం విఫలం కావడం కాదు, సిరల గోడలు మనకు పుట్టుకతోనే అలా వచ్చాయి. మళ్లీ చూపించుకుంటే మళ్లీ మూయవచ్చు.

సెలవు, డబ్బు

జీతం నెలకు రూ. 21,000 లోపు ఉండి ఈఎస్ఐ పట్టేవాళ్లు ఆ కార్డును మరవకండి. మీ జీతంలో 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం ప్రతి నెలా అందుకే పోతోంది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, దానికి సరిపడే తర్వాతి లబ్ధి కాలంలో జబ్బు సెలవుకు రోజు వేతనంలో 70 శాతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. మొదటి రెండు రోజులకు సాధారణంగా డబ్బు రాదు. దీనికి ఈఎస్ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టే చెల్లుతుంది. అందుకే బయట వైద్యం చేయించుకునేముందే మీ డిస్పెన్సరీకి వెళ్లి చీటీ, సెలవు సంగతి మాట్లాడుకోండి.

తమిళనాడు రేషన్ కార్డు ఉన్న, ఏడాది ఆదాయం లక్షా ఇరవై వేలలోపు ఉన్న కుటుంబాలకు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఉంది, ఏడాదికి రూ. 5 లక్షల దాకా. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లకు ఇది వర్తించదు, వాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందా అని ముందే అడగాలి. ఏ పథకమైనా పద్ధతి పేరు చెప్పి "దీనికి వస్తుందా?" అని పథకం కౌంటరు దగ్గర తేల్చుకున్నాకే తేదీ పెట్టుకోండి. సొంతంగా ఆరోగ్య బీమా కట్టేవాళ్లు పాలసీ చదవండి. ఈ జబ్బుకు చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు డబ్బు ఇవ్వరు.

స్టూలు మీ హక్కు

ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. కేరళలో జవుళి కొట్ల ఆడవాళ్లు "మాకు కూర్చునే హక్కు కావాలి" అని పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా దుకాణాలు, సంస్థల చట్టానికి 22-ఏ అనే సెక్షన్ చేర్చింది. పనివేళల్లో వీలు దొరికినప్పుడు కూర్చునేందుకు ప్రతి దుకాణంలోనూ ఉద్యోగులకు ఆసనాలు ఉండాలి, రోజంతా కాళ్ల మీద నిలబెట్టకూడదు. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ మాట ఉంది.

చట్టం ఉందని స్టూలు దానంతటది కౌంటరు వెనక్కి నడిచి రాదు. అడగాలి. ఒక్కరే అడిగితే బద్ధకం అంటారు, నలుగురూ కలిసి అడగండి. ఆపరేషన్ అయిన మనిషి డాక్టరు చీటీలో 'ఎక్కువసేపు నిలబడరాదు, కూర్చునే వీలు కల్పించాలి' అని రాయించుకుని యజమానికి చూపించాలి. కొట్టు యజమానులకూ ఒక మాట. పదహారేళ్ల అనుభవం ఉన్న సేల్స్ మనిషి పుండుతో మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే మీకు పోయేది ఒక స్టూలు ధర కంటే చాలా ఎక్కువ.

వెంటనే పరిగెత్తాల్సిన గుర్తులు

వైద్యం తర్వాత పిక్క అంతా హఠాత్తుగా వాచి, గట్టిపడి, నొప్పి పెరుగుతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, లోతు సిరలో గడ్డ కట్టి ఉండొచ్చు. ఆయాసం, ఛాతీలో పోటు వస్తే ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఇవి అరుదు, కానీ ప్రాణం మీది సంగతులు. జ్వరం, చీము, ఎర్రదనం పాకడం కూడా చూపించుకోవాల్సినవే.

వైద్యం చేయించుకోనివాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఉబ్బిన సిర చిట్లితే రక్తం పిచికారీలా చిమ్ముతుంది. భయంతో కుళాయి కింద కాలు పెట్టి నిలబడితే రక్తం ఆగదు, అలాగే స్పృహ తప్పుతుంది. చేయాల్సింది వెంటనే నేల మీద పడుకోవడం, కాలు కుర్చీ మీదికి ఎత్తడం, శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా పది నిమిషాలు ఒత్తి పట్టుకోవడం. పైన తాడు బిగించొద్దు. ఆగాక కట్టు కట్టి ఆసుపత్రికి పోవాలి.

అక్క పదో రోజున కొట్టుకు వెళ్లింది. డాక్టరు చీటీ యజమాని చేతికిచ్చింది. ఆయన ఒకసారి చదివి, ఏమీ అనకుండా, గోడౌన్ నుంచి రెండు ప్లాస్టిక్ స్టూళ్లు తెప్పించి కౌంటరు వెనక వేయించాడు. మొన్న నేను చీర కొనడానికి వెళ్లినప్పుడు పక్క కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి గుసగుసగా అడుగుతోంది: "అక్కా, మా అమ్మకీ ఇట్లనే ఉండాది. నరం కోసినారంటనే నీకు?"

"నరం కాదే, సిర. కొయ్యలేదు, మూసినారు" అంది అక్క. స్టూలు ఆ పిల్ల వైపు జరిపి, "ముందు నువ్వు కూర్చో. మీ అమ్మని రేపు తీసుకురా, నేను చెప్తా" అంది.